రెండవ శిఖరం: లూపస్ వ్యాధిగ్రస్తుల గుండెపై మర్రీ యూరోవిట్జ్ పరిశోధన – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

1976లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో అయిదు పుటల వ్యాసం ఒకటి వెలువడింది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కీళ్లవ్యాధుల నిపుణుడు మర్రీ యూరోవిట్జ్, మరి అయిదుగురు సహచరులు కలిసి రాసిన వ్యాసమది. అందులో కొత్త మందు ప్రస్తావన లేదు, కొత్త పరికరం లేదు. 81 మంది లూపస్ రోగులను అయిదేళ్లపాటు గమనించగా వారిలో 11 మంది చనిపోయారు. ఆ 11 మంది ఎప్పుడు చనిపోయారు, ఎందువల్ల చనిపోయారు అన్నదే వ్యాస విషయం. అయినప్పటికీ లూపస్ వ్యాధిని గురించిన ఆలోచనను ఈ వ్యాసం మార్చినంతగా మార్చిన రచనలు ఆ దశాబ్దంలో అరుదు. అంతవరకు ఆ రోగుల మరణానికి కారణం మూత్రపిండాల వైఫల్యమో, అంటురోగమో అని వైద్యలోకం భావించేది. యూరోవిట్జ్ బృందం గుండె వైపు వేలు చూపింది.

వైద్యశాస్త్ర చరిత్రను ఆవిష్కరణల పట్టికగా రాయడం తెలుగులో ఎక్కువగా కనిపించే పద్ధతి. ఒక వ్యాధిని ఒక తరం ఎలా చదివింది, ఆ చదువులో ఏది జారిపోయింది, తరువాతి తరం దాన్ని ఎక్కడ పట్టుకుంది అన్న ప్రశ్నలకు ఆ పద్ధతిలో చోటు తక్కువ. లూపస్, గుండె – ఈ రెండింటి సంబంధాన్ని అలా చదవడానికి 1976 నాటి వ్యాసం తగిన కేంద్రబిందువు.

పేరు, రూపు

లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలు. చర్మాన్ని తోడేలు కొరికినట్లుగా తినివేసే పుండ్లన్నిటికీ మధ్యయుగాల ఐరోపా వైద్యులు ఈ పేరును వాడారు. వాటిలో ఈనాడు క్షయ సంబంధమైనవిగా గుర్తించేవి కూడా ఉన్నాయి. ఇప్పుడు మనం లూపస్ అంటున్న వ్యాధికి ఆ పేరు స్థిరపడడం పందొమ్మిదవ శతాబ్దంలోనే జరిగింది. 1846లో వియన్నాకు చెందిన ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా ముక్కుకు ఇరువైపులా బుగ్గలమీద వ్యాపించే ఎర్రటి మచ్చను సీతాకోకచిలుకతో పోల్చాడు. 1851లో ఫ్రాన్సులో కజెనావ్ ‘లూపస్ ఎరిథెమటోసస్’ అన్న పేరు పెట్టాడు. ఒకే వ్యాధికి ఒక చేత తోడేలు, మరొక చేత సీతాకోకచిలుక. రెండు ఉపమానాలూ చర్మం దగ్గరే ఆగిపోయాయన్నది గమనించదగిన అంశం.

1872లో మోరిట్జ్ కపోషి ఈ వ్యాధి జ్వరం, కీళ్లనొప్పులు, శరీరం కృశించడం వంటి లక్షణాలతో ఒంటినంతటినీ పట్టగలదని చెప్పాడు. 1895 నుంచి దాదాపు పదేళ్ల వ్యవధిలో విలియం ఆస్లర్ రాసిన మూడు వ్యాసాలు చర్మంమీది ఎర్రదనానికీ లోపలి అవయవాల వ్యాధికీ ఉన్న ముడిని వివరించాయి. ఆస్లర్ చూసిన రోగులందరికీ ఉన్నది లూపసేనా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. అయితే చర్మాన్ని చూసి లోపలి అవయవాలను అనుమానించే అలవాటు ఆయనతో బలపడిందనడంలో సందేహం లేదు.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత కణజాలాన్ని పరాయిదిగా ఎంచి దాడి చేయడం ఈ వ్యాధి స్వభావం. తెలుగు వైద్య రచనల్లో ‘స్వయంప్రతిరక్షక వ్యాధి’ అన్న మాట కనిపిస్తుంది. అంతకన్నా ‘కంచే చేను మేయడం’ అన్న జాతీయం విషయాన్ని సూటిగా చెబుతుంది. వ్యాధిగ్రస్తుల్లో పదింట తొమ్మిది వంతులు స్త్రీలు, అందులోనూ సంతానయోగ్యమైన వయసులో ఉన్నవారు ఎక్కువ. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే తరువాతి కథ తేలికగా బోధపడుతుంది.

1924: కవాటం మీది పులిపిరులు

న్యూయార్క్ లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు ఎమాన్యుయెల్ లిబ్మన్ గుండె లోపలి పొరకు సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాపును క్షుణ్ణంగా అధ్యయనం చేసినవాడు. రోగి రక్తంలో సూక్ష్మజీవులను పెంచి చూసే పద్ధతిలో ఆయనది అందెవేసిన చేయి. అటువంటివాడికి రక్తంలో ఏ సూక్ష్మజీవీ దొరకని, కానీ కవాటాల మీద పులిపిరుల్లాంటి బొడిపెలున్న రోగులు కనిపించారు. బెంజమిన్ శాక్స్‌తో కలిసి 1924లో అటువంటి నలుగురి వివరాలను ఆయన ప్రచురించాడు. కీళ్లవాత జ్వరంలో వచ్చే బొడిపెలు కవాటాలు మూసుకునే అంచుల వెంబడి వరుసగా ఉంటాయి. ఇవి అలా కాక కవాటపు రెండు వైపులా, గుండె గోడ మీద కూడా వ్యాపించి ఉన్నాయి. ఈ స్థితికి తరువాత ‘లిబ్మన్–శాక్స్’ అన్న పేరే నిలిచింది. ఈ శాక్స్‌నూ, పిల్లల్లో వచ్చే టే–శాక్స్ వ్యాధిని వర్ణించిన బెర్నార్డ్ శాక్స్‌నూ ఒకరిగా పొరబడేవారున్నారు. ఇద్దరూ మౌంట్ సైనాయ్‌తో సంబంధమున్నవారు కావడం ఆ పొరపాటుకు మరింత తావిచ్చింది.

లిబ్మన్, శాక్స్ తాము చూస్తున్నది లూపస్ అని నిర్ధారించి చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి మరో పదేళ్లు పట్టింది. 1935లో అదే ఆసుపత్రికి చెందిన జార్జ్ బేర్, పాల్ క్లెంపరర్, ఆర్థర్ షిఫ్రిన్ 23 మంది రోగులను పరిశీలించి చర్మం, మూత్రపిండం, గుండె ఒకే వ్యాధికి లోనవుతున్నాయని తేల్చారు. 1940లో లూయిస్ గ్రాస్ పేర వెలువడిన వ్యాసం లిబ్మన్–శాక్స్ గుండెకూ లూపస్‌కూ గల సంబంధాన్ని విడిగా చర్చించింది. ఈ జాప్యానికి కారణం తెలివి కొరవడడం కాదు. లూపస్ చర్మవైద్యుల సొత్తుగా ఉండేది, గుండె శవపరీక్ష గదిలో రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుల చేతిలో ఉండేది. ఒకే ఆసుపత్రిలో ఒకే వ్యాధిని రెండు గదుల్లో రెండు పేర్లతో చదివారు. విద్యాశాఖలు విడివిడిగా పనిచేసే చోట ఇది ఈనాటికీ అపరిచితమైన దృశ్యం కాదు.

1948, తరువాత

1948లో మూడు సంఘటనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగాయి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మాల్కమ్ హార్‌గ్రేవ్స్ బృందం లూపస్ రోగుల ఎముక మజ్జలో ఒక విలక్షణమైన కణాన్ని గుర్తించింది. ‘ఎల్.ఇ. కణం’గా ప్రసిద్ధమైన దీని వల్ల లూపస్‌ను ప్రయోగశాలలో నిర్ధారించే వీలు తొలిసారి కలిగింది. అదే సంస్థలో అదే ఏడాది సెప్టెంబరులో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండల్ కనుగొన్న కార్టిసోన్‌ను మొదటిసారి ఒక కీళ్లవాత రోగికి ఎక్కించారు. రెండేళ్లకే వారికి నోబెల్ బహుమతి లభించింది. అదే ఏడాది మాసచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హాం పట్టణంలో 5,209 మంది స్త్రీపురుషులను ఏళ్ల తరబడి గమనిస్తూ గుండెజబ్బుకు దారితీసే అంశాలను వెతికే అధ్యయనం మొదలైంది. ఈ మూడు దారులూ దాదాపు అర్ధశతాబ్దం తరువాత ఒకేచోట కలుస్తాయని అప్పుడు ఊహించినవారెవరూ ఉండరు.

కార్టిసోన్, దాని వెంట వచ్చిన ప్రెడ్నిసోన్ లూపస్ రోగుల ఆయుర్దాయాన్ని మార్చివేశాయి. 1955లో మార్గరెట్ మెరెల్, లారెన్స్ షుల్మన్ 99 మంది రోగుల వివరాలను లెక్కగట్టి, రోగనిర్ధారణ జరిగిన నాలుగేళ్లకు జీవించి ఉన్నవారు 51 శాతం అని చూపారు. ఈనాటి దృష్టికి అది భయం గొలిపే సంఖ్య. ఆనాటికి అదే ఒక ఆశ. మందులు మెరుగయ్యేకొద్దీ ఆ శాతం పెరుగుతూ వచ్చింది. (ఈ వరుసలో తరువాత చేరిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. లూపస్‌లో కీళ్ల, చర్మ లక్షణాలకు దాన్ని వాడుతున్నారు. అది లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలమని తెలుగు పాఠకులకు గుర్తుచేయడం అప్రస్తుతం కాదు. ఆయన మరణించిన సంవత్సరం కూడా 1948.) రోగులు బతకడం మొదలుపెట్టారు. బతికిన తరువాత వారికి ఏమవుతోందో చూడడం అప్పుడే అవసరమైంది.

81 మంది, 11 మరణాలు

టొరంటో లూపస్ వైద్యశాల 1970లో మొదలైంది. అక్కడ యూరోవిట్జ్ ప్రవేశపెట్టిన పద్ధతి పైకి సాధారణంగా కనిపిస్తుంది. ప్రతి రోగినీ కొన్ని నెలలకొకసారి పిలిపించి, ప్రతిసారీ ఒకే ప్రశ్నావళి ప్రకారం, ఒకే పరీక్షల ప్రకారం వివరాలు నమోదు చేయడం. రోగికి బాగున్నా బాగులేకున్నా ఈ నమోదు ఆగదు. జబ్బు ముదిరినప్పుడు మాత్రమే రాసే ఆసుపత్రి కాగితాలకూ దీనికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఆసుపత్రి కాగితం సంక్షోభాన్ని చెబుతుంది. క్రమబద్ధమైన నమోదు సంక్షోభాల మధ్యనున్న నిశ్శబ్దాన్ని కూడా చెబుతుంది. 1976 వ్యాసపు బలమంతా ఆ నిశ్శబ్దాన్ని చదవడంలో ఉంది.

చనిపోయిన 11 మందిలో ఆరుగురు రోగనిర్ధారణ జరిగిన మొదటి ఏడాదిలోనే మరణించారు. వారందరిలో లూపస్ ఉధృతంగా ఉంది. నలుగురికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రోజుకు సగటున 53.3 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ పుచ్చుకుంటున్నారు. నలుగురి మరణంలో తీవ్రమైన అంటురోగం పాలు పంచుకుంది. ఇంతవరకు కొత్తదనమేమీ లేదు, ఆనాటి వైద్యులు ఎదురుచూసే చిత్రమే ఇది.

మిగిలిన అయిదుగురిదే అసలు కథ. వారు రోగనిర్ధారణ తరువాత సగటున 8.6 ఏళ్లు జీవించారు. ఒకరు రెండున్నరేళ్లకే పోగా మరొకరు పందొమ్మిదిన్నరేళ్ల దాకా ఉన్నారు. వారిలో ఒక్కరికి మాత్రమే లూపస్ చురుకుగా ఉంది. మూత్రపిండాల వాపు ఎవరికీ లేదు, అంటురోగం ఎవరి మరణానికీ కారణం కాలేదు. మందు మోతాదు రోజుకు సగటున 10.1 మిల్లీగ్రాములే, కానీ దాన్ని సగటున 7.2 ఏళ్లు వాడారు. మరణ సమయానికి అయిదుగురికీ అప్పటికి కొద్దికాలం ముందే గుండెపోటు వచ్చి ఉంది. నలుగురి మరణానికి అదే ముఖ్యకారణం. వ్యాధి అణగి ఉన్న సమయంలో, వైద్యం ఫలించినట్లు కనిపించిన దశలో, రోగి గుండెపోటుతో పోతున్నాడన్నమాట.

ఈ అమరికకు యూరోవిట్జ్ ‘ద్విశిఖర మరణ సరళి’ అని పేరు పెట్టాడు. కాలరేఖ మీద మరణాలను గుర్తిస్తే మొదట ఒక శిఖరం, చాలా దూరంలో మరొక శిఖరం. మొదటిది లూపస్‌ది, రెండవది గుండెది.

పదకొండు మరణాలతో రెండు శిఖరాలను గీయడం గణాంక శాస్త్రరీత్యా సాహసమే. అయిదుగురిని ఒక శిఖరం అనడానికి ఏ గణాంక శాస్త్రజ్ఞుడూ సులువుగా ఒప్పుకోడు. వ్యాసంలోని నిజమైన వాదన వంపురేఖ ఆకారం మీద ఆధారపడలేదని గమనిస్తే ఈ అభ్యంతరం కొంత సడలుతుంది. అయిదింట అయిదుగురికి గుండెపోటు అన్నది యాదృచ్ఛికం అని కొట్టివేయడానికి వీలులేనిది. పైగా అదే బృందం అక్కడితో ఊరుకోలేదు. 1985లో యూరోవిట్జ్ మరింత పెద్ద సమూహంతో, మరింత దీర్ఘకాలపు నమోదుతో అదే ప్రశ్నను తిరిగి పరిశీలించి ప్రచురించాడు. ఒక చిన్న వ్యాసాన్ని ప్రతిపాదనగా భావించి, తొమ్మిదేళ్ల తరువాత తానే దానికి పరీక్ష పెట్టుకోవడం పరిశోధక నైతికతకు సంబంధించిన విషయం.

నింద ఎవరిది?

రెండవ శిఖరానికి కారణం ఏమిటి? మొదటి అనుమానం సహజంగానే మందు మీద పడింది. 1976 వ్యాసమే దీర్ఘకాలపు స్టెరాయిడ్ వాడకాన్ని ఎత్తిచూపింది. అంతకు ఏడాది ముందు, 1975లో, బెర్నడీన్ బల్క్‌లీ, విలియం రాబర్ట్స్ 36 మంది లూపస్ మృతుల గుండెలను పరీక్షించి రాసిన వ్యాసం ఈ అనుమానాన్ని బాగా బలపరిచింది. ఈ బల్క్‌లీయే తరువాత బెర్నడీన్ హీలీ పేరుతో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా సంచాలకురాలయ్యారు. వారు చూసినది రెండంచుల కత్తి వంటి దృశ్యం. సగంమంది గుండెల్లో లిబ్మన్–శాక్స్ బొడిపెలు ఉన్నాయి, అయితే స్టెరాయిడ్ల పుణ్యమా అని వాటిలో చాలా భాగం మానుతూనో మానిపోయో కనిపించాయి. మరోవైపు ఏడాదికి మించి స్టెరాయిడ్లు వాడినవారిలో 42 శాతానికి గుండెకు రక్తం అందించే ప్రధాన ధమనుల్లో కనీసం ఒకటి సగానికి పైగా ఇరుకైపోయింది. ఏడాదిలోపు వాడినవారిలో అటువంటివారు ఒక్కరూ లేరు.

ఇంత స్పష్టమైన తేడాను చూసి మందునే దోషిగా నిలబెట్టడం సులభం. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఏడాదికి మించి మందు వాడినవారు ఏడాదికి మించి బతికినవారు కూడా. వారి రక్తనాళాలు అంతకాలమూ మందునే కాదు, లూపస్‌ను కూడా భరించాయి. వ్యాధి తీవ్రంగా ఉన్నవారికే మందు ఎక్కువగా ఇస్తారు. మందు చేసిన హానినీ, మందు ఇవ్వవలసి వచ్చిన వ్యాధి చేసిన హానినీ శవపరీక్ష బల్లమీద వేరుచేయడం సాధ్యం కాదు.

ఆ చిక్కుముడి సడలడానికి 2003 దాకా ఆగవలసి వచ్చింది. మేరీ రోమన్ బృందం 197 మంది లూపస్ రోగుల మెడలోని ధమనులను అల్ట్రాసౌండ్‌తో పరీక్షించి, వారిలో 37.1 శాతానికి కొవ్వు ఫలకాలు ఉన్నాయనీ, లూపస్ లేని సమవయస్కుల్లో 15.2 శాతానికే ఉన్నాయనీ చూపింది. అంతకన్నా ఆశ్చర్యకరమైనది మరొకటి. ఫలకాలున్న లూపస్ రోగులు, లేనివారితో పోలిస్తే, ప్రెడ్నిసోన్, సైక్లోఫాస్ఫమైడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందులు తక్కువగా పుచ్చుకున్నవారు. అంటే అణచకుండా వదిలేసిన వాపు కూడా ధమనిని చెరుస్తోంది. 1975 నాటి నిందితుడు 2003 నాటికి సాక్షి స్థానంలోకి వచ్చాడు. పూర్తిగా నిర్దోషి అయ్యాడని కాదు. స్టెరాయిడ్లు రక్తపోటునూ కొవ్వునూ చక్కెరనూ పెంచుతాయన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

ఈ సందర్భంలో తెలుగు పరిభాషను గురించి ఒక మాట. ‘అథెరోస్క్లెరోసిస్’ను తెలుగులో ‘ధమనీ కాఠిన్యం’ అంటున్నారు. మూలమైన గ్రీకు పదంలో రెండు భాగాలున్నాయి. ‘అథేరే’ అంటే జావ, ‘స్క్లెరోస్’ అంటే గట్టిది. తెలుగు పదంలో గట్టిదనం మిగిలింది, జావ జారిపోయింది. నిజానికి గుండెపోటును తెచ్చేది ఎక్కువగా ఆ జావే. మెత్తని కొవ్వు గుజ్జుతో నిండిన ఫలకం చిట్లినప్పుడు అక్కడ రక్తం గడ్డకట్టి ధమని మూసుకుపోతుంది. ఆ ఫలకాన్ని పెంచేదీ చిట్లేలా చేసేదీ వాపు. లూపస్ నిరంతరమైన వాపు కనుక ఆ రోగుల ధమనులు ఎందుకు ముందే చెడతాయో జావ అన్న మాట చెప్పినంతగా కాఠిన్యం అన్న మాట చెప్పదు.

ఫ్రామింగ్‌హాం కొలబద్ద

యూరోవిట్జ్ గమనించినది ఎంత పెద్ద ప్రమాదమో కొలవడానికి లూపస్ లేని స్త్రీలతో పోలిక కావాలి. 1997లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ మాంజీ బృందం ఆ పని చేసింది. 1980 నుంచి 1993 వరకు తమ పర్యవేక్షణలో ఉన్న 498 మంది లూపస్ స్త్రీలను ఫ్రామింగ్‌హాం సంతాన అధ్యయనంలోని 2,208 మంది స్త్రీలతో పోల్చారు. 35–44 ఏళ్ల మధ్య వయసున్న లూపస్ స్త్రీకి గుండెపోటు వచ్చే అవకాశం అదే వయసున్న సాధారణ స్త్రీ కన్నా 50 రెట్లకు పైగా ఉందని తేలింది. లూపస్ నిర్ధారణ తరువాత తొలిసారి గుండెజబ్బు బయటపడినవారిలో మూడింట రెండు వంతులు 55 ఏళ్ల లోపువారే.

యాభై రెట్లు అన్న సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. ఆ వయసు స్త్రీలలో గుండెపోటు చాలా అరుదు. అరుదైనది యాభై రెట్లయినా రోగుల్లో ఎక్కువమందికి అది రాదు. అయితే ఆ సంఖ్య వైద్యుడి ఎదుట కూర్చున్న రోగి విషయంలో వేరే అర్థాన్నిస్తుంది. నలభై ఏళ్ల స్త్రీ ఛాతీనొప్పితో వస్తే గుండెపోటును అనుమానించే అలవాటు వైద్యంలో మొదటినుంచీ బలహీనం. ఆమెకు లూపస్ ఉందని తెలిస్తే అది మరింత బలహీనపడుతుంది. గుండె చుట్టూ ఉన్న పొర వాచడం, ఊపిరితిత్తుల పొర వాచడం లూపస్‌లో సర్వసాధారణం, రెండూ ఛాతీనొప్పినే తెస్తాయి. తెలిసిన కారణం సిద్ధంగా ఉన్నచోట తెలియని కారణాన్ని వెతికేవారు తక్కువ. లిబ్మన్, శాక్స్ కాలం నుంచి పోగైన జ్ఞానమే ఇక్కడ కళ్లకు గంతలు కట్టిందనడం అతిశయోక్తి కాదు. లూపస్ గుండె అంటే కవాటం, పొర – ఈ రెండే అన్న పాఠం బాగా ఒంటబట్టింది. ధమని ఆ పాఠంలో లేదు.

2001లో జాన్ ఎస్డేల్ ప్రభృతులు కెనడా రోగుల వివరాలతో మరో అడుగు వేశారు. రక్తపోటు, కొవ్వు, ధూమపానం, మధుమేహం వంటి ఫ్రామింగ్‌హాం అంశాలన్నిటినీ లెక్కలో సవరించిన తరువాత కూడా ప్రాణాపాయం లేని గుండెపోటు ముప్పు దాదాపు పది రెట్లుగా మిగిలింది. ఫ్రామింగ్‌హాం కొలబద్ద ఈ రోగులకు పొట్టిదన్నమాట. 1948లో బయలుదేరిన మూడు దారులు కలిసిన చోట వైద్యులకు దొరికింది సమాధానం కాదు, మరింత కచ్చితమైన ప్రశ్న.

ఆ ప్రశ్నకు సులభమైన జవాబుగా కొవ్వును తగ్గించే స్టాటిన్ మందులు కనిపించాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మిషెల్ పెట్రి బృందం 200 మంది రోగుల్లో రెండేళ్లపాటు అటోర్వస్టాటిన్‌ను పరీక్షించింది. 2011లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. ధమనుల్లో కాల్షియం పేరుకోవడాన్ని గానీ, మెడ ధమని గోడ మందం పెరగడాన్ని గానీ ఆ మందు చెప్పుకోదగినంతగా ఆపలేదు. రెండేళ్లు చాలవేమో అన్న వాదన ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు.

యూరోవిట్జ్ మాత్రం తన పాత పద్ధతినే పెద్దదిగా చేశాడు. 1991లో పలు దేశాల లూపస్ వైద్యశాలలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఆ కూటమి ఆధ్వర్యంలో, రోగనిర్ధారణ జరిగిన తొలినాళ్లలోనే రోగులను చేర్చుకుని, ఏటేటా ఒకే పద్ధతిలో ధమనుల వ్యాధి వివరాలు నమోదు చేసే అంతర్జాతీయ అధ్యయనానికి ఆయన నాయకత్వం వహించాడు. గుండెపోటో పక్షవాతమో వచ్చిన ప్రతిసారీ అది ధమనుల్లో ఫలకం వల్ల వచ్చిందా, లూపస్ ఉధృతి వల్ల వచ్చిందా అని విడదీసి రాయడం అందులో నియమం. 1976లో ఒక్క నగరంలో 81 మందితో అడిగిన ప్రశ్న ఇది.

చికిత్స విధానం కూడా ఈలోగా మారింది. 1951లో ఫ్రాన్సిస్ పేజ్ లూపస్‌లో మలేరియా మందు మెపక్రిన్ గుణాన్ని ప్రకటించినప్పుడు దృష్టి చర్మం మీదే ఉంది. ఆ కుటుంబానికే చెందిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఈరోజు, వాడకూడని కారణం లేనంతవరకు, లూపస్ రోగులందరికీ సూచిస్తున్నారు. ఐరోపా కీళ్లవ్యాధుల వైద్యసమాఖ్య 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం స్టెరాయిడ్‌ను దీర్ఘకాలం కొనసాగించవలసి వస్తే రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్‌కు మించకూడదు, వీలైతే పూర్తిగా మానివేయాలి. టొరంటోలో ఆలస్యంగా మరణించిన ఆ అయిదుగురు ఏడేళ్లపాటు రోజూ పుచ్చుకున్న సగటు మోతాదు దీనికి రెట్టింపు.